లారీ డీజిల్ లైను సర్వీసు: ట్యాంకు నుంచి నాజిల్ దాకా, ఎయిర్ తీయడంతో సహా

"ఫిల్టర్లు మార్చాం, బండి స్టార్ట్ కావడం లేదు." "నిన్ననే ఎయిర్ తీశాం, పొద్దున మళ్లీ పట్టేసింది." "గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే బండి లాగడం లేదు." లారీ ఓనర్లు, డ్రైవర్లు పదే పదే అడిగేవి ఈ మూడే. మూడింటికీ చూడాల్సింది ఒకే లైను: ట్యాంకు, సక్షన్ పైపు, ఫీడ్ పంపు, ఫిల్టర్లు, పెద్ద పంపు (నాజిళ్లకు డీజిల్‌ను ప్రెషర్‌తో తోసేది), నాజిళ్లు (సిలిండర్‌లోకి డీజిల్ చిమ్మేవి), రిటర్న్ పైపు.

ఎయిర్ తీయడం, అంటే లైనులో చిక్కిన గాలిని బయటికి పంపడం, చేయి తిరిగినవాళ్లకు పావుగంట పని. ఆ గాలి ఎక్కడి నుంచి దూరుతోందో పట్టుకోవడమే అసలు పని. బాగున్న లైనులోకి గాలి ఊరికే రాదు. డీజిల్ పూర్తిగా అయిపోయి ఉండాలి, ఫిల్టర్ విప్పి ఉండాలి, లేదా ఎక్కడో కారుతూ ఉండాలి. మొదటి రెండూ కాకపోతే మూడోదాన్ని వెతకాల్సిందే. అది దొరకకుండా హ్యాండ్ పంపు ఎంత కొట్టినా ఆ పూటకే.

1. మీ బండి పంపు ఏ రకమో తేల్చుకోండి

పాత బండ్లలో మెకానికల్ పంపు ఉంటుంది. ఒక్కో సిలిండర్‌కు ఒక్కో నాజిల్ పైపు పంపు నుంచి నేరుగా వెళ్తుంది. నాజిల్ 200 బార్ల ప్రెషర్‌కు అటూ ఇటూగా తెరుచుకుంటుంది. ఇందులో నాజిల్ పైపు నట్టు వదులు చేసి ఎయిర్ తీయవచ్చు.

కొత్త బండ్లలో కామన్ రైలు ఉంటుంది. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 (పొగ కాలుష్యం తగ్గించే నిబంధన) వచ్చాక కొత్తగా అమ్ముతున్న లారీలన్నీ దాదాపు ఇవే. పంపు నుంచి ఒక లావుపాటి రైలుకు, అక్కడి నుంచి ఇంజెక్టర్లకు పైపులు వెళ్తాయి. ఇంజెక్టర్ తల మీద వైరు సాకెట్ ఉంటే అది చాలావరకు కామన్ రైలే. ఇక్కడ ప్రెషర్ వెయ్యి బార్లు సులభంగా దాటుతుంది. పాత బండి అలవాటుతో ఇంజిన్ నడుస్తుండగా ఈ పైపుల మీద పానా పెట్టకూడదు.

ఏ రకమో తెలియకపోతే పని మొదలుపెట్టొద్దు. ఓనర్స్ మాన్యువల్ క్యాబిన్‌లోనే ఉంటుంది, తీసి చూడండి.

2. పనికి ముందు

డీజిల్‌కు నిప్పు అంత తేలిగ్గా అంటుకోదని మన షెడ్లలో ఒక ధీమా ఉంది. అది చలికాలానికి సరిపోతుందేమో. మన దేశంలో డీజిల్‌కు ఉండాల్సిన కనీస ఫ్లాష్ పాయింట్ (ఆవిరికి నిప్పు అంటుకునే వేడి) 35 డిగ్రీలు. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, అనంతపురం, కడపల్లో నీడలోనే 40 దాటుతుంది. ఎండలో నిలబెట్టిన బండి ట్యాంకు ఇంకా వేడిగా ఉంటుంది. అప్పుడు మూత తీస్తే వచ్చే ఆవిరికి నిప్పురవ్వ చాలు. ఎండాకాలంలో ఈ పని తెల్లవారుజామున గానీ, పొద్దుగూకాక లైటు వేసుకొని గానీ చేయండి. బీడీ, సిగరెట్, పక్క షెడ్డులో వెల్డింగ్ ఏవీ ఉండకూడదు.

రెండో శత్రువు దుమ్ము. తాడిపత్రి, బేతంచెర్ల బండల పొడి, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి పొడి పైపుల మీద పొరగా పేరుకొని ఉంటాయి. నట్టు విప్పగానే ఆ పొడి లోపలికి పడితే పంపుకు అంతకన్నా చేటు లేదు. విప్పబోయే ప్రతి జాయింటునూ ముందు బ్రష్‌తో దులపండి, డీజిల్‌లో తడిపిన బట్టతో తుడవండి. తర్వాతే పానా పట్టండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి:

- బండి మోడల్‌కు సరిపోయే కొత్త ఫిల్టర్లు, వాటి రబ్బరు రింగులు
- బాంజో బోల్టులకు (లోపల డీజిల్ పోయే బోలు బోల్టులు) కొత్త రాగి వాషర్లు, అన్ని సైజుల్లో
- కొత్త హోస్ క్లిప్పులు, డీజిల్‌కు పనికొచ్చే హోస్ పైపు ముక్క
- లోపల కనిపించే పారదర్శక పైపు రెండడుగులు
- సరైన సైజు పానాలు. నాజిల్ నట్టుకు స్క్రూ స్పానర్ వాడొద్దు
- పోగులు రాలని బట్ట. కాటన్ వేస్ట్ వద్దు, దాని పోగే ఫిల్టర్ స్క్రీన్‌కు అడ్డం పడుతుంది
- శుభ్రమైన డబ్బా, గాజు సీసా, కళ్లద్దాలు
- పదో ఇరవయ్యో లీటర్ల మంచి డీజిల్

బండిని చదునైన చోట ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాలకు అడ్డం పెట్టండి. ఇంజిన్ చల్లారనివ్వండి. ఫిల్టర్లు విప్పేటప్పుడు బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఆఫ్ చేయండి.

3. ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి

చాలామంది నేరుగా ఫిల్టర్ దగ్గరికి పోతారు. ట్యాంకులో మడ్డి ఉంటే కొత్త ఫిల్టర్ వారం కూడా ఆగదు.

ముందు నీళ్లు చూడండి. బండి రాత్రంతా కదలకుండా ఉన్నాక, తెల్లవారి స్టార్ట్ చేయకముందే ట్యాంకు కింద డ్రెయిన్ నట్టు కొద్దిగా వదులు చేసి గాజు సీసాలో పట్టండి. పది నిమిషాలు కదిలించకుండా పెట్టండి. నీళ్లు బరువు కాబట్టి అడుగున చేరి, మధ్యలో గీత గీసినట్టు తేడా కనిపిస్తుంది. నీళ్లు పోయి శుభ్రమైన డీజిల్ వచ్చేదాకా వదలండి. నల్లటి జిగట వస్తుంటే ట్యాంకు దించి కడగాల్సిందే. కడగడం డీజిల్‌తోనే. నీళ్లతో కడిగి ఎండబెడితే సరిపోతుందనుకోవద్దు, మూలల్లో తేమ ఉండిపోతుంది. ట్యాంకుకు చిల్లు ఉంటే, ఖాళీ చేశాం కదా అని వెల్డింగ్ పెట్టకండి. ఖాళీ ట్యాంకులో మిగిలిన ఆవిరే పేలుతుంది.

తర్వాత మూత. ట్యాంకులో డీజిల్ తగ్గేకొద్దీ పైనుంచి గాలి లోపలికి పోవాలి. అందుకు మూతలోనో, పక్కనో చిన్న బ్రీదర్ ఉంటుంది. సిమెంటు బండ్లలో ఇది గట్టిగా పూడుకుపోతుంది. గుర్తు ఇదీ: బండి కొంత దూరం బాగా నడిచి, మెల్లగా పికప్ తగ్గి ఆగిపోతుంది. మూత తిప్పగానే బుస్సుమని గాలి లోపలికి లాగుతుంది. ఆ తర్వాత మామూలుగా నడుస్తుంది. దీన్ని పంపు పోయిందనుకొని పంపు దించి ఖర్చు పెట్టినవాళ్లు ఉన్నారు. బ్రీదర్ శుభ్రం చేస్తే పోయే జబ్బు ఇది.

బీఎస్-6 బండి అయితే ఇంకొక జాగ్రత్త. నీలం మూత ఉన్న డీఈఎఫ్ (పొగను శుభ్రం చేసే ద్రవం) ట్యాంకు వేరు, డీజిల్ ట్యాంకు వేరు. పొరపాటున డీఈఎఫ్ డీజిల్‌లో పడితే తాళం కూడా తిప్పొద్దు. తిప్పితే అది లైను మొత్తం పాకుతుంది. ముందు ట్యాంకు ఖాళీ చేయించండి.

4. సక్షన్ లైను: గాలి దూరేది ఎక్కువగా ఇక్కడే

ఈ ఒక్క విషయం పట్టుబడితే సగం పని అయినట్టే. ఫీడ్ పంపుకు ముందున్న లైనులో డీజిల్‌ను పంపు లాగుతుంది. అక్కడ చిన్న సందు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. ఫీడ్ పంపు తర్వాత లైనులో ప్రెషర్ ఉంటుంది. అక్కడ సందు ఉంటే డీజిల్ బయటికి చెమరుస్తుంది. "ఎక్కడా తడి లేదు, అయినా ఎయిర్ పడుతోంది" అంటే చూపు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్య ఉండాలి.

ట్యాంకు నుంచి మొదలుపెట్టి చేత్తో తడుముతూ రండి.

- రబ్బరు హోస్‌ను వంచి చూడండి. వంపు దగ్గర సన్నని పగుళ్లు తెరుచుకుంటే మార్చేయండి
- క్లిప్పు ఉన్నచోట హోస్ గట్టిపడి గుండ్రంగా అచ్చు పడి ఉంటుంది. క్లిప్పు ఎంత బిగించినా అది పట్టదు
- ఛాసిస్‌కు రాసుకునే చోట పైపు అరిగిందేమో చూడండి
- సెడిమెంటర్ (నీళ్లు, మడ్డి అడుగున చేరేది) గిన్నె రింగు, డ్రెయిన్ స్క్రూ వాషర్ చూడండి
- ఫీడ్ పంపు మీద చిన్న జాలీ ఉంటే తీసి కడగండి
- హ్యాండ్ పంపు నాబ్ పూర్తిగా కిందికి నొక్కి బిగించి ఉందో లేదో చూడండి. వదులుగా ఉంటే అక్కడే గాలి దూరుతుంది

బయటికి కనిపించని లోపాలు రెండున్నాయి. ఒకటి, హోస్ లోపలి పొర ఊడి మడతపడటం. పైకి నున్నగా ఉంటుంది. ఖాళీగా బాగా నడిచి, లోడు మీద డీజిల్ ఎక్కువ కావాల్సి వచ్చేసరికి లోపల మూసుకుంటుంది. రెండోది, ట్యాంకులోకి దిగే పికప్ పైపు పగలడం. పగులు డీజిల్‌లో మునిగి ఉన్నంతసేపు ఏమీ తెలియదు. సగానికి తగ్గాక గాలి లాగుతుంది. "ట్యాంకు ఫుల్ ఉంటే బాగుంటుంది, సగం దిగితే మొరాయిస్తుంది" అనే ప్రతి బండిలోనూ ముందు ఈ పైపు తీసి చూడాలి.

డీజిల్ అడుగంటిన బండితో ఘాట్ ఎక్కితే పైపు బాగున్నా ఎయిర్ పట్టొచ్చు. ట్యాంకు వాలినప్పుడు డీజిల్ ఒక పక్కకు చేరి పైపు నోరు తేలుతుంది. కడప నుంచి రాయచోటి వైపు లోడుతో పోయేవాళ్లు గువ్వలచెరువు ఘాట్ ముందే డీజిల్ చూసుకోవాలి.

5. ఫిల్టర్లు మార్చడం

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో మీ మాన్యువల్ చెబుతుంది. క్వారీ, సిమెంటు, ఇసుక కిరాయిలు తోలే బండికి అంతకన్నా ముందే మార్చడం మేలు. రెండు ఫిల్టర్లు ఉంటే కంపెనీ చెప్పిన వరసలోనే మార్చండి. ఒకదాని చోట ఇంకోటి పెట్టొద్దు.

విప్పాక పాత రబ్బరు రింగు హౌసింగ్‌కే అతుక్కొని ఉందేమో వేలితో తడిమి చూడండి. దాని మీదే కొత్త రింగు కూర్చుంటే అక్కడే లీకు. కొత్త రింగుకు శుభ్రమైన డీజిల్ రాసి, చేత్తో తిప్పండి. రింగు తాకాక అరచుట్టు నుంచి ముప్పావు చుట్టు చాలు. ఫిల్టర్ మీద ఇంకోలా రాసి ఉంటే దాన్నే పాటించండి.

ఫిల్టర్‌ను ముందే డీజిల్‌తో నింపి బిగించవచ్చా? మెకానికల్ పంపు బండ్లలో చాలామంది నింపుతారు. అలా నింపేటప్పుడు పక్కనున్న చిన్న రంధ్రాల్లోంచే పోయాలి. నడుమ ఉన్న పెద్ద రంధ్రంలో పోస్తే ఆ డీజిల్ వడకట్టకుండానే పంపుకు పోతుంది. కామన్ రైలులో మెయిన్ ఫిల్టర్‌ను అసలు నింపొద్దు. ఖాళీగా బిగించి, ప్రైమర్‌తోనే (లైనులోకి డీజిల్ నింపే చిన్న పంపు) నింపాలి.

6. ఎయిర్ తీయడం: మెకానికల్ పంపు బండి

ఇద్దరు కావాలి. ఒకరు క్యాబిన్‌లో, ఒకరు ఇంజిన్ దగ్గర. మాట ముందే అనుకోండి: కింద ఉన్న క్లీనర్ "కొట్టన్నా" అంటేనే డ్రైవర్ సెల్ఫ్ కొట్టాలి, "ఆపన్నా" అనగానే వదిలేయాలి. చేతులు పుల్లీ దగ్గర ఉన్నప్పుడు పైనుంచి సెల్ఫ్ పడితే వేళ్లు పోతాయి.

వరస ఇదీ. ఒక చోట శుభ్రంగా రాకుండా తర్వాతి చోటికి పోవద్దు.

మొదట, ట్యాంకులో కనీసం పావు వంతు డీజిల్ ఉండేలా చూడండి. స్టాప్ కేబుల్ రన్నింగ్ వైపు ఉందో లేదో చూడండి. కేబుల్ ఇరుక్కుపోతే పంపు డీజిల్ ఇవ్వదు. ఎయిర్ పట్టిందనుకొని గంటలు గంటలు పడేది ఇక్కడే.

రెండు, హ్యాండ్ పంపు నాబ్ విప్పండి. ఫిల్టర్ తల మీద బ్లీడ్ స్క్రూను (గాలి బయటికి వదిలే స్క్రూ) రెండు చుట్లు వదులు చేసి, చుట్టూ బట్ట పెట్టండి.

మూడు, హ్యాండ్ పంపును నిదానంగా, పూర్తిగా పైకీ కిందికీ కొట్టండి. ముందు ఉత్త గాలి ఉస్సుమంటుంది. తర్వాత తెల్లటి నురగ వస్తుంది. ఆ తర్వాత డీజిల్, మధ్యమధ్య బుడగలు. చాలామంది ఇక్కడే ఆపేస్తారు. ఆపొద్దు. బుడగ ఒక్కటీ లేకుండా నిండు ధార వచ్చాక ఇంకో పది సార్లు కొట్టండి. ఆఖరిసారి నాబ్‌ను కిందికి నొక్కి పట్టుకునే స్క్రూ బిగించండి. చేయి వదిలి బిగిస్తే ఆ క్షణంలోనే కొంచెం గాలి వెనక్కి పోతుంది.

నాలుగు, రెండో ఫిల్టర్ ఉంటే దాని మీదా ఇలాగే.

ఐదు, పెద్ద పంపు పక్కనున్న బ్లీడ్ స్క్రూ దగ్గరా ఇలాగే. పని సరిగ్గా అయితే హ్యాండ్ పంపు చేతికి బిగుసుకుంటుంది. మెత్తగా స్పంజిలా ఉంటే ఇంకా గాలి ఉన్నట్టే.

ఆరు, నాబ్ కిందికి నొక్కి బిగించండి. సెల్ఫ్ కొట్టించండి. ఒక్కోసారి 10 నుంచి 15 సెకన్లు మాత్రమే. తర్వాత కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది.

ఏడు, మూడు నాలుగు సార్లకూ స్టార్ట్ కాకపోతే నాజిల్ పైపుల్లో గాలి ఉంది. నాజిల్ వైపు నట్లు రెండు మూడు, ఒక్కో చుట్టు వదులు చేయండి. నాజిల్ హోల్డర్‌ను ఒక పానాతో పట్టుకొని ఇంకో పానాతో తిప్పండి. బట్ట కప్పి, ముఖం దూరం పెట్టి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి సెల్ఫ్ కొట్టించండి. నట్టు దగ్గర డీజిల్ బుడగలు లేకుండా చిమ్మడం మొదలయ్యాక బిగించండి. మిగతా వాటికీ అలాగే. ఇప్పుడు బండి అందుకుంటుంది. మొదట కొంచెం తెల్లపొగ, కొట్టుకోవడం ఉంటాయి. కొన్ని నిమిషాల్లో సర్దుకోవాలి.

కొన్ని ఇంజిన్లలో ఫీడ్ పంపుకు నాబ్ బదులు లివర్ ఉంటుంది. లివర్ కదలకపోతే అది పాడైందని కాదు. లోపల క్యామ్ ఎత్తులో ఆగి ఉంటుంది. ఇంజిన్‌ను ఒక చుట్టు తిప్పితే లివర్ పని చేస్తుంది.

7. ఎయిర్ తీయడం: కామన్ రైలు బండి

ఇక్కడ పని లో ప్రెషర్ వైపే. రైలు పైపులు, ఇంజెక్టర్ పైపులు ముట్టుకోవద్దు. ఇంజిన్ ఆపాక కూడా లోపల ప్రెషర్ దిగడానికి సమయం పడుతుంది, కంపెనీ చెప్పినంతసేపు ఆగాలి.

ఫిల్టర్ తల మీద హ్యాండ్ ప్రైమర్ ఉంటే, బ్లీడ్ స్క్రూ వదులు చేసి బుడగలు పోయేదాకా కొట్టి, స్క్రూ బిగించి, ప్రైమర్ గట్టిపడేదాకా మళ్లీ కొట్టండి. ఎలక్ట్రిక్ పంపు ఉంటే తాళం ఆన్ చేసి కొంతసేపు ఉంచి, ఆఫ్ చేసి, అలా నాలుగైదు సార్లు చేయండి. తర్వాత సెల్ఫ్. రైలులో తగినంత ప్రెషర్ లేనిదే ఈసీఎం (ఇంజిన్ కంప్యూటర్) ఇంజెక్టర్లను తెరవదు కాబట్టి మొదటిసారి కొంచెం ఆలస్యమవుతుంది. అప్పటికీ రాకపోతే స్కానర్ పెట్టించి రైలు ప్రెషర్ చూడాలి. అంచనాతో విప్పే పని కాదు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. రైలు పైపు లీకును చేత్తో తడిమి వెతకొద్దు. ఆ ప్రెషర్‌లో డీజిల్ సూదిలా చర్మంలోకి దిగుతుంది. బయట చిన్న చుక్క మాత్రమే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట ఉండకపోవచ్చు. లోపల కండ పాడవుతుంది. ఆపరేషన్ ఆలస్యమైతే వేలు, చేయి తీసేయాల్సి వస్తుంది. అలా జరిగితే వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లి "డీజిల్ ప్రెషర్‌తో లోపలికి పోయింది" అని డాక్టరుకు స్పష్టంగా చెప్పండి. లీకు వెతకడానికి అట్ట ముక్క వాడండి, అదీ దూరం నుంచి.

8. మళ్లీ మళ్లీ ఎయిర్ పడుతుంటే

పారదర్శక పైపును ఫీడ్ పంపుకు ముందు లైనులో కలిపి ఇంజిన్ నడపండి. బుడగలు వరసగా వస్తుంటే గాలి ట్యాంకు వైపు నుంచే వస్తోంది. బుడగలు లేకపోతే దాని వెనకనున్న లైను మంచిదే, ఇక ముందుకు చూడాలి.

ఇంకా తేలకపోతే, శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, కొత్త హోస్‌తో ఫీడ్ పంపుకు నేరుగా కలపండి. బండి నిలబెట్టే ఈ పరీక్ష చేయాలి. డబ్బా మీద బాగా నడిస్తే పంపు, నాజిళ్లు నిర్దోషులు. పికప్ పైపు, ట్యాంకు, సక్షన్ లైను వీటిలో ఒకటి దోషి.

గుర్తును బట్టి ఎక్కడ చూడాలి:

- పొద్దున మాత్రమే ఆలస్యంగా స్టార్ట్ అవుతుంది, తర్వాత బాగుంటుంది: రాత్రంతా డీజిల్ ట్యాంకుకు దిగిపోతోంది. ఫీడ్ పంపు నాన్ రిటర్న్ వాల్వ్ (డీజిల్‌ను వెనక్కి పోనివ్వనిది), ఫిల్టర్ రింగు చూడండి
- మూత తీస్తే బాగుంటుంది: బ్రీదర్
- లోడు మీద, ఎత్తు మీద లాగదు: ఫిల్టర్, ఫీడ్ పంపు జాలీ, మడతపడిన హోస్
- ఐడిలింగ్‌లో (యాక్సిలరేటర్ తొక్కకుండా నడుస్తుంటే) రేసు పైకీ కిందికీ ఊగుతుంది: లైనులో గాలి
- ఒక సిలిండర్ మాత్రమే పని చేయదు: మెకానికల్ పంపు బండిలో ఐడిలింగ్ మీద ఒక్కో నాజిల్ నట్టు వదులు చేసి చూడండి. ఏది వదులు చేసినప్పుడు చప్పుడు మారదో ఆ సిలిండరే పడుకుంది

9. రోడ్డు మీద చేసేవే, కానీ చేయకూడని పనులు

పంక్చర్ షాపు కంప్రెసర్‌తో ట్యాంకులోకి గాలి కొట్టి డీజిల్ తోయించడం చాలాచోట్ల చూస్తాం. ట్యాంకు ఆ ఒత్తిడికి చేసింది కాదు. అతుకులు తెరుచుకుంటాయి.

ఎయిర్ క్లీనర్ దగ్గర పెట్రోలు బట్ట పట్టడం ఇంకా ప్రమాదం. పిస్టన్, రింగులు పగులుతాయి, మంట బయటికీ వస్తుంది.

పాత రాగి వాషర్‌ను తిప్పి వేయడం, లీకు ఆగలేదని బాంజో బోల్టును ఇంకా ఇంకా బిగించడం. వాషర్ ధర ఎంత, లోపల మర పోయిన ఫిల్టర్ హౌసింగ్ ధర ఎంత? కొత్తది వేయండి.

పైపు మర మీద టేపు చుట్టడం. దాని పోగులు లోపలికి పోయి నాజిల్ దాకా చేరతాయి.

డీజిల్‌లో కిరోసిన్ కలపడం. పంపు లోపలి భాగాలకు డీజిలే గ్రీజు. పలచన చేస్తే అవి పట్టేస్తాయి.

10. స్టార్ట్ అయ్యాక

పది నిమిషాలు ఐడిలింగ్‌లో నడపండి. విప్పిన ప్రతి జాయింటునూ పొడిబట్టతో తుడిచి, మళ్లీ తడి వస్తుందేమో చూడండి. రైలు పైపులైతే ఇంజిన్ ఆపి, ప్రెషర్ దిగాకే. సైలెన్సర్ మీద, వైరింగ్ మీద పడిన డీజిల్ తుడవండి.

తర్వాత ఇరవై ముప్పై కిలోమీటర్లు తోలి, ఆపి, మళ్లీ చూడండి. మర్నాడు పొద్దున సెల్ఫ్ ఒక్కసారికే అందుకుంటే లైను బాగైనట్టు.

ఇవన్నీ చేశాక కూడా నల్లపొగ, ఒక సిలిండర్ కొట్టుకోవడం, లోడు మీద పికప్ లేకపోవడం ఉంటే పంపు, నాజిళ్లు టెస్ట్ బెంచి ఉన్న షాపుకు ఇవ్వండి. పంపు సీలు మీరు తెంచొద్దు. ఇచ్చేటప్పుడు ఏ ఫిల్టర్ ఎప్పుడు మార్చారో, ట్యాంకులో నీళ్లు కనిపించాయో లేదో, డబ్బా పరీక్షలో ఏం తేలిందో కాగితం మీద రాసి పంపుతో పాటే ఇవ్వండి.